"జడ్జిగారు మనోడే": ఈ మనోడు ఎవరండీ?

రాజోలు మాస్టారు:
మన వైపు 'మనోడు' అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో చూడండి. మన ఊరివాడు మనోడే, మన కులంవాడు మనోడే, చుట్టం మనోడే, ఒకే పార్టీవాడు మనోడే. చెయ్యి తడిపితే పని చేసిపెట్టేవాడు కూడా మనోడే! మా వీధిలో గట్టు తగాదాలో దావా పడినాయన ఒకాయన ఉన్నాడు. "భయం లేదు మాస్టారూ, జడ్జిగారు మనోడేనని మా ప్లీడరుగారు చెప్పారు" అంటున్నాడు. ఇక్కడ ఏ అర్థం తీసుకోవాలి?

తణుకు నుంచి:
చివరిదేనండి, ఆయ్! గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని ఊరికే అన్నారా?

భీమవరం ప్లీడరు:
ఆ సామెత వేరండి. అందులో ఉన్నది ఖర్చు, వాయిదాల చుట్టూ తిరగడం. జడ్జి మీద అనుమానం లేదు. 'మనోడే' అన్న మాటలో ఉంది.

పైగా ఈ మాట పచ్చి అబద్ధమైనా చెల్లిపోతుంది. దావా గెలిస్తే ఆ చెప్పిన ప్లీడరు "చెప్పానా, మనోడేనని" అంటాడు. ఓడితే "అవతలివాళ్ళు ఎక్కువ ముట్టజెప్పారు" అంటాడు. పాపం ఆ జడ్జి రూపాయి ముట్టుకోకపోయినా రెండు ఊళ్ళలో అమ్ముడుపోయినట్టే టాక్. ఈ మాట బయటివాడు అంటే పుకారు. నల్లకోటు వేసుకున్నవాడు అంటే జనం నమ్ముతారు, అదీ తంటా.

ప్లీడర్ల నడవడిని చూసే సంస్థ బార్ కౌన్సిల్. దాని నియమాల్లో కోర్టు పట్ల ప్లీడరు బాధ్యతలని విడిగా ఒక భాగం ఉంది. అడ్డదారిలో జడ్జి నిర్ణయాన్ని మార్చాలని చూడకూడదు. నడుస్తున్న కేసు గురించి జడ్జితో చాటుగా మాట్లాడనేకూడదు.

రాజస్థాన్‌లో ఒక పెద్ద ప్లీడరు, జడ్జికి ఇవ్వాలి, 10,000 రూపాయలు పంపమని కక్షిదారుకి ఉత్తరం రాశాడు. అక్కడి బార్ కౌన్సిల్ 2 ఏళ్ళు సస్పెండ్ చేసింది. దాని పైనున్న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏకంగా ప్లీడర్ల జాబితాలోంచి పేరే కొట్టేసింది. మళ్ళీ పునఃసమీక్షలో, వయసూ అనుభవమూ చూసి, మందలింపుతో సరిపెట్టింది. 2001లో సుప్రీంకోర్టు ఆ మందలింపు చెల్లదని పేరు కొట్టేసిన శిక్షనే నిలబెట్టింది. శంభూరామ్ యాదవ్ కేసంటారు దాన్ని. నన్నడిగితే ఆ మందలింపే పెద్ద సిగ్గుచేటు.

రాజోలు మాస్టారు:
మరి జడ్జిగారు నిజంగానే ప్లీడరుకి చుట్టమైతేనో?

భీమవరం ప్లీడరు:
ఆ కోర్టులో కేసు వాదించకూడదు. నియమంలో తండ్రి, తాత, కొడుకు, అన్నదమ్ములు, మామగారు, అల్లుడు, బావమరిది ఇలా పెద్ద జాబితానే ఉంది. కానీ అది ఇంగ్లీషు వరసల్లో రాసింది. వియ్యంకుడు అందులో లేడు! కూతురినిచ్చిన ఇంటి మాట కాదనడం మన దగ్గర ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

అమలాపురం నుంచి, ప్లీడరు గుమాస్తాగారి అమ్మాయి:
'పైఖర్చులు' సంగతి కూడా చెప్పండి బాబాయ్‌గారూ. స్టాంపులకీ నకళ్ళకీ అయ్యే చిల్లర డబ్బుని నాన్నగారు అలా రాసేవారు. కొందరు అదే మాట చెప్పి, కళ్ళు మాత్రం పైకి, బెంచీ వైపు తిప్పుతారు. నోటితో ఏమీ అనలేదు కదా!

భీమవరం ప్లీడరు:
బాగా పట్టుకున్నావమ్మా. కక్షిదారు ఇచ్చిన డబ్బుకి ప్లీడరు లెక్క రాసి తీరాలి. ఫీజు ఎంత, ఖర్చులకి ఎంత అన్నది విడివిడిగా చూపించాలి. అడిగితే ఆ లెక్క నకలు కూడా ఇవ్వాలి. కళ్ళు తిప్పితే లెక్కలోకి రాదు.

రాజోలు మాస్టారు:
ఇందాక మా వీధి ఆయనకి ఆ రాజస్థాన్ కేసు చెప్పాను. శ్రద్ధగా విని, "మా ప్లీడరుగారు ఉత్తరం రాయలేదు కదా మాస్టారూ, నోటితోనేగా చెప్పారు" అన్నాడు.