నూలు ఉడకబెట్టడానికి కాస్టిక్ మానేసి ఎంజైమ్ వాడొచ్చా?

పడుగుపేక: వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులేసే చిన్న షెడ్డు మాది. రంగు పట్టాలంటే ముందు చిలపలను (నూలు చుట్టలను) కాస్టిక్ సోడాలో మరగబెట్టాలి, పత్తి మీది మైనం పోవాలి. ఇప్పుడు బ్యాక్టీరియాతో తయారైన ఎంజైమ్ వాడమంటున్నారు. అది పనికొస్తుందా, అమ్మేవాళ్ల మాటలేనా?

ఓరుగల్లు బయో: కళ్లు మూసుకుని మారండి అన్నా. మైనాన్ని పోగుకు పట్టి ఉంచేది పెక్టిన్. పెక్టినేజ్ అనే ఈ ఎంజైమ్ దాన్నే కొరుకుతుంది, అసలు పోగు జోలికి పోదు. 50–60 డిగ్రీల వేడి చాలు, మరగక్కర్లేదు. కట్టెలు మిగులుతాయి. కాస్టిక్ పోయేదాకా కడిగే నీళ్లు, దాన్ని విరవడానికి పైన వేసే యాసిడ్ కూడా తగ్గుతాయి. గుడ్డకు పట్టిన గంజిని ఎంజైమ్‌తో తీయడం వందేళ్ల నాటి పద్ధతే.

లెక్క తప్పొద్దు: ఎంజైమ్ ప్రాణి కాదు. ప్రోటీన్. అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

పడుగుపేక: తమ్మీ, నేను వాడి దెబ్బ తిన్నాకే అడుగుతున్నాను. పోయిన ఏడాది ఒక ఏజెంట్ దగ్గర డబ్బా కొన్నాను. నలభై కిలోల నూలు మచ్చలు మచ్చలుగా వచ్చింది. నూలు తీసుకునే పార్టీ వాపస్ పంపింది. ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

ఓరుగల్లు బయో: ఏ నెలలో? డబ్బా ఎక్కడ పెట్టారు?

పడుగుపేక: మే. షెడ్డులోనే. రేకుల షెడ్డు.

ఓరుగల్లు బయో: మన వరంగల్ మే నెలలో రేకుల కింద ఆ వేడికి రోజుల తరబడి పెడితే ఏం మిగులుతుంది అన్నా? ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కాదు కదా, ఇదీ అంతే. తప్పు ఎంజైమ్‌ది కాదు.

పడుగుపేక: అంటే తప్పు నాది. ఆ మాట డబ్బా మీద తెలుగులో రాసి ఉందా? నలభై కిలోలు ఎవరిస్తారు?

చెరువుకట్ట: మీ కిలోల గోల తర్వాత. ఇలాంటి షెడ్ల వెనకే మా ఇల్లు. బోరు నీళ్లు ఉప్పగా వస్తున్నాయి. నాలా ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంది. ఎంజైమ్ వాడితే అది ఆగుతుందా? అవునో కాదో చెప్పండి.

ఓరుగల్లు బయో: కాదు. అది నూలు ఉడకబెట్టే దగ్గర పని చేసేది. ఉప్పు పడేది ఆ తర్వాత రంగేసే దగ్గర. రియాక్టివ్ రంగులైతే (పత్తి పోగుకు అతుక్కునే రకం) ముదురు షేడ్‌కు లీటరు నీటికి 50 గ్రాముల పైనే ఉప్పు పడుతుంది. రంగును విరగ్గొట్టే బూజులు ఉన్నాయి. ఉప్పును మాత్రం ఏ సూక్ష్మజీవీ తినదు.

చెరువుకట్ట: మరి ‘క్లీన్’ అని ఎందుకు ఊదరగొడుతున్నారు?

ఓరుగల్లు బయో: కాస్టిక్ తగ్గడం చిన్న విషయమా?

పడుగుపేక: చిన్నది కాదు. నా చేతులు చూస్తే తెలుస్తుంది, ఇరవై ఏళ్ల నుంచి వేళ్ల సందుల్లో చర్మం నిలవడం లేదు. అయినా మారలేదంటే బుద్ధి లేక కాదు. జంపఖానాలకు 2018లో జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు) వచ్చింది, కొట్ల ముందు బోర్డులు మారాయి, నాకిచ్చే కిలో రేటు మారలేదు. మంచి పద్ధతిలో చేశానని ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చిన పార్టీ లేదు. ఎంజైమ్ ఖర్చు నాది, మచ్చ పడితే నష్టం నాది. పేరు మాత్రం మీ అందరిది.

చెరువుకట్ట: పార్టీ ఇవ్వకపోతే మా బోరు ఇవ్వాలా? ఇన్నేళ్లుగా మీ రేటులో తగ్గిన రూపాయి మేమే కడుతున్నాం.

పడుగుపేక: ఆ మాట పార్టీలను అడగండి.

చెరువుకట్ట: పార్టీ మా ఇంటి వెనక లేదు. మీరున్నారు.

ఓరుగల్లు బయో: గొడవ ఆపండి. అన్నా, తెల్ల నూలుకూ లేత రంగులకూ వద్దు, గింజ పొట్టు చుక్కలు మిగిలిపోతాయి. ముదురు షేడ్‌కు రెండు కిలోలు వేసి చూడండి. నీడలో చల్లగా ఉంచిన డబ్బా అయితేనే. ముందు నేను చెప్పాల్సింది ఇదే, కళ్లు మూసుకోమన్నది తప్పే.

పడుగుపేక: రెండు కిలోలైతే చేస్తాను. ముదురు ఎరుపు. డబ్బా ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే మా ఇంటామె నన్ను బయట పెడుతుంది.

లెక్క తప్పొద్దు: మళ్లీ చెబుతున్నా, ప్రాణి కాదు.

చెరువుకట్ట: ఎరుపు ఏ రోజు కడుగుతారో ముందే చెప్పండి. ఆ రోజు మోటారు వెయ్యను.