నాన్నగారి బొమ్మలన్నింటిలోనూ కనిపించే ఆమె ఎవరు? మా మేనత్తను అడగవచ్చునా?

ప్రశ్న — మర్రిపాలెం అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా నాన్నగారు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీవిరమణ చేశారు. ఇప్పుడు ఆయనకు 64 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన సముద్రాన్నీ, డాల్ఫిన్స్ నోస్ కొండనూ, రేవులోని పడవలనూ నీటిరంగులతో వేస్తూనే ఉన్నారు. అయితే ఏ బొమ్మ వేసినా అందులో ఒక మూల ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. ఆమె రెండు బుగ్గల మీద గుండ్రంగా లేత పసుపు పూత ఉంటుంది. ఎవరని అడిగితే "తెలియదమ్మా, చెయ్యి అలా పోతుంది" అనేవారు. పేరంటానికి పసుపు రాసుకుని వెళ్తున్న ముత్తైదువ కాబోలునని మేము అనుకునేవాళ్లం.

గత ఏడాది నానమ్మ పోయాక, ఆమె ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య ఒక ఫొటో దొరికింది. అందులో మా తాతగారు ఉన్నారు. ఆయన పక్కన, బుగ్గల మీద అదే పూతతో ఒక యువతి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో ఏడాది పిల్లవాడు. ఫొటో వెనుక గుండ్రటి అక్షరాలతో ఒక పంక్తి రాసి ఉంది. మొదట అది తెలుగే అనుకున్నాం, కానీ చదవబోతే ఒక్క అక్షరమూ కుదరలేదు. తాతగారు రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, పనిచేసి 1965లో ఓడ మీద తిరిగి వచ్చారని మాకు తెలుసు. నాన్నగారు అక్కడే పుట్టారన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాలేదు. బడి రికార్డులో కూడా ఆయన పుట్టిన ఊరు విశాఖపట్నమే.

ఫొటో చూసిన రోజునుంచి నాన్నగారు కుంచె పట్టలేదు. నెల రోజుల తరువాత ఒక రాత్రి నన్ను పిలిచి, "ఆ దేశంతో నాకు పని లేదు. ఆమె పేరు ఒక్కటి తెలిస్తే చాలు" అన్నారు. ఆనాటి సంగతులు తెలిసినవారిలో మిగిలింది మా మేనత్త ఒక్కరే. తాతగారు మూడేళ్ల పిల్లవాడిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. అడిగితే, "అమ్మకు మాట ఇచ్చాను, నన్ను కదపవద్దు" అంటున్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయంలో ఇదంతా ఎందుకని మా అన్నయ్య కోపగిస్తున్నాడు. ఆమెను ఇంకా అడగడం న్యాయమేనా? కాగితాల ద్వారా తెలుసుకునే దారి ఏదైనా ఉందా? ఫొటో రెండు వైపులా తీసి ఇక్కడ జతచేశాను.

జవాబు 1 — ఓడ దిగినవాడు

అమ్మా, నేనూ రంగంలో పుట్టినవాడినే. పదేళ్ల వయసులో ఇక్కడ ఓడ దిగాను. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులోనే పెరిగాను. ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ బుగ్గల మీద ఉన్నది పసుపు కాదు, థనఖా. ఒక చెట్టు బెరడును గుండ్రటి రాతి పలక మీద నీళ్లు చిలకరించి, మనం గంధం తీసినట్టే అరగదీసి, అక్కడి ఆడవాళ్లు ముఖానికి రాసుకుంటారు. ఎండకు చలవగా ఉంటుంది. మా ఇంటి పక్క అమ్మ నాకు కూడా రాసేది, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ నాన్నగారి చెయ్యి ఊరికే అటు పోలేదు.

1962లో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. ఆ ఏడాది మే నెలలోనే 50, 100 క్యాట్‌ల నోట్లు చెల్లవన్నారు. తరాలుగా అక్కడ ఉన్నవాళ్లు సైతం చేతికందింది పట్టుకుని ఓడలెక్కారు. మా ఓడలో పిల్లలను ఎత్తుకుని ఒంటరిగా వచ్చిన మగవాళ్లను నేను చూశాను. తల్లి ఏదని వాళ్లను ఎవరూ అడగలేదు.

వెనుక ఉన్న అక్షరాలు బర్మావే. కొంత చెరిగినా, నాకు వచ్చినంతలో అది "మా ఖిన్ మ్యా" అని చదువుతున్నాను. "మా" అనేది వయసులో ఉన్న స్త్రీ పేరుకు ముందు గౌరవంగా చేర్చే మాట, మన "అక్క" వంటిది. "మ్యా" అంటే పచ్చరాయి. అక్కడివాళ్లకు ఇంటిపేరు ఉండదు. పుట్టిన వారాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం పెట్టడం ఆచారం. ఖకారం సోమవారానిది. అయితే ఫొటో వెనుక ఉన్న పేరు ఫొటోలోని మనిషిదే కావాలని లేదు. ఇంకొకరు దాచుకున్న ఫొటో కూడా కావచ్చు. ఆ మాట మీ మేనత్తగారే చెప్పాలి.

జవాబు 2 — పాత కాగితాలు

కాగితాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని మనవి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో బర్మానుంచి తిరిగి వచ్చినవారికి సంబంధించిన దస్త్రాలు ఉన్నాయి. వాటి పట్టికను అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో వెతకవచ్చు. కానీ అవి చాలావరకు కార్యాలయాల మధ్య జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, వాటిలో ఒక ఇల్లాలి పేరు దొరకడం అరుదు. అంతకంటే మీ తాతగారి ప్రయాణపత్రాన్నీ, ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాగితాలనూ, పాత రేషన్ కార్డునూ మీ ఇంట్లోనే వెతకండి. డీఎన్‌ఏ పరీక్ష ఏ ప్రాంతపు రక్తమో సూచిస్తుంది గాని పేరు చెప్పదు.

మీ అన్నయ్యకు ఆస్తి విషయంలో కూడా భయం ఉంటే ఈ మాట చెప్పండి. 1955 హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, చెల్లని వివాహంలో పుట్టిన పిల్లలు కూడా తల్లిదండ్రులకు న్యాయసమ్మతమైన సంతానమే.

జవాబు 3 — నీటిరంగులు

నేనూ బొమ్మలు వేసేదాన్నే కనుక రెండు మాటలు చెప్పాలనిపించింది. ఆయన బొమ్మలన్నింటినీ తేదీల వరుసలో పేర్చి, ఆమె మొదట ఏ బొమ్మలో వచ్చిందో, అప్పుడు ఇంటి ముందు నిలబడిందో రేవులో నిలబడిందో చూడండి. మూడేళ్ల పిల్లవాడికి మాటలు మిగలకపోవచ్చు, కానీ రంగు మిగులుతుంది. మళ్లీ ఎప్పుడు వేస్తారని మాత్రం ఆయనను అడగకండి.

రెండవది మీ నానమ్మగారి గురించి. ఆ ఫొటోను చింపి పొయ్యిలో వేయడం ఆమెకు ఎంత పని? అరవై ఏళ్లు దానిని పట్టుచీరలో దాచారు. సవతి బిడ్డను తన బిడ్డగా పెంచిన మనిషి, ఆ బిడ్డ తల్లి ముఖాన్ని కూడా భద్రపరిచారు. మీ మేనత్తగారికి ఈ మాట చెప్పి చూడండి. వాళ్ల అమ్మ తీసుకున్న ఒట్టు ఒక వైపు ఉంది, దాచిన ఫొటో ఇంకొక వైపు ఉంది. ఆ రెండింటిలో అమ్మ మనసు ఏదో తేల్చుకోవలసింది కూతురే.

మర్రిపాలెం అమ్మాయి తిరిగి రాసినది

మీ అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చదివి చెప్పిన పేరును నాన్నగారికి చెప్పాను. ఆయన ఒకసారి పైకి పలికారు, ఆ తరువాత చాలాసేపు పెదవులతోనే పలికారు. "మా" అన్న మాటకు అక్కడి అర్థం వివరించబోతే, "మన భాషలోనూ దానికి అర్థం ఉంది కదమ్మా" అన్నారు.

మూడవ జవాబులోని మాటను ఫోన్‌లో మేనత్తకు ఉన్నదున్నట్టుగా చెప్పాను. ఆమె ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశారు. తప్పు చేశానేమోనని రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లవారాక ఆమే ఫోన్ చేశారు. "ఆదివారం మీ నాన్నని ఒక్కడినే పంపు. ఆ ఫొటో నేను చూసిందేలే. వాడు వేసిన బొమ్మ పట్టుకు రమ్మను, ఆవిడ పోలిక ఎంతవరకు వచ్చిందో చూస్తాను" అన్నారు.

నాన్నగారు ఉదయంనుంచి అటక మీది పాత బొమ్మలన్నీ దింపించి, ఏది తీసుకువెళ్లాలో తేల్చుకోలేక వాటి మధ్యన కూర్చుని ఉన్నారు.