ఇండియన్ ఓషన్ 'మా రేవా' వింటే మీకేం గుర్తొస్తుంది?

గోదారి_గట్టు:
ఇక్కడ ఇండియన్ ఓషన్ బ్యాండ్ పాటలు వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ ఈ ఒక్క పాట గురించి అడగాలని ఎప్పటినుంచో ఉంది. 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్‌లోది, 'మా రేవా'. ఆ ఆల్బమ్ పేరెత్తితే అందరూ టైటిల్ పాట దగ్గరే ఆగిపోతారు. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన, అరమాయిక్ భాష, గొప్ప పాటే, కాదనను. నాకు మాత్రం ప్రాణం 'మా రేవా'నే. రేవా అంటే నర్మదా నది. అమ్మా నీ నీళ్లు నిర్మలం, గలగలా పారుతూ వెళ్లు, అమర్‌కంటక్‌లో పుట్టావు, జనమంతా నీ సేవ చేసుకున్నారు... పాటంతా ఇంతే. ఎక్కడా కోపం లేదు, ఏడుపు లేదు. కానీ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్, నర్మద మీద పెద్ద డ్యామ్‌లు వద్దన్న నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన రోజుల్లో ఆ లోయలో విని తెచ్చుకున్న పాట ఇది. డ్యామ్ కడితే మునిగిపోయే ఊళ్లు ఉన్న చోట పాడుకున్న పాట అని తెలిశాక ఆ 'పారుతూ వెళ్లు' అన్న మాట వస్తే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

మాది రాజమండ్రి, ఇప్పుడు పుణెలో ఉద్యోగం. నాన్నగారి అస్థికలు కోటిలింగాల రేవులో కలిపి తిరిగొస్తూ రైల్లో ఈ పాటే పెట్టుకున్నాను. కొవ్వూరు వైపు బ్రిడ్జి ఎక్కగానే ఎదుటి సీటు పెద్దావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంది. అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను. నర్మద పాట విని గోదారి కోసం ఏడవడం ఏంటో నాకే సరిగ్గా తెలీదు. మీకూ ఈ పాటతో ఏదైనా ఉంటే రాయండి.

దరువు_శ్రీను:
అన్నా, నేను మీలా నది వైపు నుంచి రాలేదు, మాది మహబూబ్‌నగర్. నేను తబలా వైపు నుంచి వచ్చినా. హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌ల వీళ్లను మొదటిసారి చూసినప్పుడు నా కళ్లన్నీ అసీమ్ చక్రవర్తి మీదనే. కింద కూర్చొని చుట్టూ తబలాలు పెట్టుకొని వాయిస్తూ, అదే ఊపులో మైక్ దగ్గరికి వంగి పాడేవాడు. చేతులు ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో. నేర్చుకునేవాడికే తెలుస్తది అదెంత కష్టమో, మామూలుగా తబలా వాయిస్తూ మాట్లాడమంటేనే తడబడతాం. పక్కన సుస్మిత్ సేన్ గిటార్, అమిత్ కిలామ్ డ్రమ్స్, రాహుల్ రామ్ బేస్. 'మా రేవా' వచ్చేసరికి రాహుల్ రామ్ మమ్మల్ని కూడా పాడమన్నాడు. హిందీ కూడా సరిగ్గా రాని మా బ్యాచ్ అంతా గొంతు చించుకొని పాడినం.

2009 డిసెంబర్ 25న అసీమ్ పోయిండు. ఆ తర్వాత చాలా రోజులు ఈ ఆల్బమ్ ముట్టుకోలేదు నేను. 2013లో సుస్మిత్ కూడా బయటికొచ్చేశాడు. ఇప్పటి బ్యాండ్ కూడా బాగనే వాయిస్తరు, వాళ్లను తక్కువ చేస్తలేను. కానీ నాకు ఈ పాట అంటే ఆ నలుగురే. మీకు నాన్న గుర్తొచ్చినట్టు నాకు ఆయన చేతులు గుర్తొస్తయి.

ఓంకార_సుధ:
గోదారి_గట్టు గారూ, మీరు రాసింది చదివి మనసు భారమైంది. అయితే ఒక్క మాట. దీన్ని ఉద్యమం పాటగానో బాధ పాటగానో చూడటం నాకు ఒప్పుగా అనిపించదండీ. 2024 మే నెలలో నర్మదా పుష్కరాలకి మా అత్తయ్యగారిని తీసుకుని ఓంకారేశ్వర్ వెళ్లాను. ఘాట్ మీద ఎటు చూసినా మన తెలుగువాళ్లే. అక్కడే పరిక్రమ చేసేవాళ్లు కొందరు కనిపించారు. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, ఎక్కడా దాటకుండా మొత్తం చుట్టి వస్తారట. వాళ్లలో ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని 'నర్మదే హర్' అంటూ ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఆ ముఖంలో ఎంత నిశ్చింతో. నాకు వెంటనే ఈ పాటే గుర్తొచ్చింది. ఇది సంతోషంగా తల్లిని పొగుడుకునే పాట. మా అత్తయ్యకి ఫోన్‌లో వినిపిస్తే డ్రమ్స్ ఉన్నా సరే భజనలాగే ఉందన్నారు. డ్యామ్ గొడవ పక్కన పెట్టి విన్నా ఆ పాట నిండుగానే ఉంటుందని నా అభిప్రాయం.

పోశమ్మగండి:
సుధ గారూ, మీరు చెప్పింది నిజమే, అది సంతోషంగా పాడే పాటే. మాకు కష్టంగా ఉండేది కూడా అందుకే. మాది దేవీపట్నం మండలంలో పోలవరం ముంపు ఊరు. నేను ఈ పాట విన్నది ఊరు ఖాళీ చేశాకే, పునరావాస కాలనీలో, ఒక స్నేహితుడు పంపితే. అర్థం అడిగి తెలుసుకున్నాను. మా ఊళ్లో కూడా గోదారిని తిట్టుకుంటూ పాడిన పాట ఒక్కటీ లేదండీ. వరదొస్తే సామాన్లు అటకెక్కించేవాళ్లం, గట్టు మీద పాకేసుకునేవాళ్లం, నీళ్లు తీశాక బురద కడుక్కుని మళ్లీ అక్కడే ఉండేవాళ్లం. మా ఇంటి గోడ మీద 1986 వరద మచ్చ ఉండేది, మా తాత దాని పక్కనే సున్నంతో గీత గీసి పెట్టాడు. ఏ వరదొచ్చినా ముందు ఆ గీత చూసేవాళ్లం.

ఖాళీ చేసేటప్పుడు అందరూ ద్వారబంధాలు పీక్కున్నారు. టేకువి కదా, వదిలేస్తే నీళ్లపాలు. మా నాన్న గునపంతో గోడ తవ్వుతుంటే మా అమ్మ మాత్రం గుమ్మానికి పసుపు రాస్తూ కూర్చుంది. తీసేసే గుమ్మానికి పసుపెందుకే అంటే, తీసేదాకా గుమ్మమే కదా అంది. ఇప్పుడు ఆ ద్వారబంధం కాలనీ ఇంటి వెనక గోడకి ఆనించి ఉంది. ఇక్కడి తలుపులకి అది సరిపోదు, పొడుగెక్కువ.

నదిని అంత ప్రేమగా పిలిచేవాళ్లని ఆ ఒడ్డు మీద నుంచే లేపేశారన్నది పక్కన పెట్టి నేను వినలేను. 2017లో నర్మద మీద సర్దార్ సరోవర్ డ్యామ్ పూర్తయింది, నీటిమట్టం 138.68 మీటర్లు. మాకు పోలవరం లెక్క 45.72. వినడానికి అంకెలే, కానీ మా దగ్గర ప్రతి ఇల్లూ ఆ నీటిమట్టానికి పైనుందా కిందుందా అన్నదాని మీదే బతుకంతా నడిచింది. డ్యామ్ వద్దనడం లేదు, కిందున్న రైతులకి నీళ్లు కావాలని తెలుసు. ఈ పాట వింటే మా రేవు గుర్తొస్తుంది, అంతే.

ఓంకార_సుధ:
పక్కన పెట్టి వినమన్నందుకు ఏమనుకోకండి. మీ అమ్మగారి మాట అత్తయ్యకి చదివి వినిపించాను, ఆవిడ చాలాసేపు మీ అమ్మగారి గురించే అడిగారు. గోదారి మీద మీ ఊరి పాటలు ఉన్నాయన్నారు కదా, అవి పాడేవాళ్లు కాలనీలో ఇంకా ఉన్నారా? ఉంటే ఫోన్‌లోనైనా రికార్డ్ చేసి పెట్టండి, ఎలా ఉన్నా పర్లేదు.

పోశమ్మగండి:
మా పెద్దమ్మ పాడుతుంది. ఆదివారం అడుగుతాను.

దరువు_శ్రీను:
అన్నా, రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్ బంద్ చెయ్యండి, ఫోన్‌ను ఆమె నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టండి. మొదలు కాకముందే ఆన్ చేసి పెట్టండి, మధ్యల మాట్లాడినా ఆపొద్దు. ఫైల్ నాకు పంపితే గరగర తీసేసి ఇస్తా. తబలా మాత్రం కలపను, ఆమె గొంతు ఒక్కటే ఉండాలె.