విలియమ్సన్ మీద వెలి తీసేయడం తప్పా? లాటిన్ పూజ వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టొచ్చా?

పాతపూజ:
2009లో పోపు వెలి తీసేసిన గొడవ మళ్ళీ ఎందుకు తవ్వుతున్నారండీ? పాత లాటిన్ పూజనే పట్టుకున్న పదో పయస్ సొసైటీ మేత్రాణుల (బిషప్పుల) మీద వెలి పడింది దేనికి? 1988లో సొసైటీ పెట్టిన ఆర్చిబిషప్పు లెఫెవ్ర్ పోపు అనుమతి లేకుండా స్విట్జర్లాండ్‌లోని ఎకోన్‌లో నలుగుర్ని మేత్రాణులుగా అభిషేకించినందుకు. పోపు బెనెడిక్ట్ తీసేసింది కూడా ఆ శిక్షనే. అందులో ఒకడైన విలియమ్సన్ టీవీలో ఏం వాగాడన్నది వేరే సంగతి.

మ్యూనిక్_తెలుగు:
వేరే సంగతి ఎలా అవుతుందండీ. గ్యాస్ చాంబర్లే లేవు, నాజీల చేతిలో చచ్చిపోయిన యూదులు రెండు మూడు లక్షలే అన్నాడు, చనిపోయింది దాదాపు 60 లక్షలు. ఆ ఇంటర్వ్యూ తీసింది జర్మనీలో రెగెన్స్‌బర్గ్ దగ్గర సొసైటీ సెమినరీలోనే. నేను డాఖావ్ నాజీ శిబిరానికి వెళ్ళాను, గ్యాస్ గది తలుపు మీద స్నానాల గది అని జర్మన్‌లో రాసుంది, లోపల కప్పు చేతికి అందేంత కిందకుంది, ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయా.

పాతపూజ:
డాఖావ్ గదిని మూకుమ్మడిగా చంపడానికి వాడలేదు, తెలుసా?

మ్యూనిక్_తెలుగు:
తెలుసు, అక్కడే రాసిపెట్టారు. ఆష్విట్జ్ శిబిరంలో వాడారుగా, ఒక్కచోటే దాదాపు 10 లక్షల మంది యూదులు. నేనేం చెప్తున్నా మీరేం పట్టుకున్నారు?

బెజవాడ_సిస్టర్:
ఇద్దరూ కాస్త నెమ్మది.

పాతపూజ:
నేను జరగలేదనట్లేదు! మా విచారణలో (పారిష్‌లో) మోకాళ్ళ మీద దివ్యసత్ప్రసాదం అడిగితే గురువుగారు అందరి ముందూ నన్ను తిట్టారు, మా అమ్మ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. లాటిన్ పూజ అంటే చాలు, నాజీ ముద్ర. విలియమ్సన్‌ని సొసైటీయే 2012లో గెంటేసింది కదా.

ఉపదేశి_మనవడు:
గెంటేసింది పెద్దల మాట వినలేదని బ్రదర్, యూదుల గురించి అన్నందుకని కాదు. సరే ఒక్కడే అనుకుందాం. 1944లో ఏడుగురు యూదుల్ని కాల్చి చంపించిన ఫ్రెంచి మిలీషియా నాయకుడు టూవియే 1989లో దొరికింది ఫ్రాన్స్‌లోని నీస్‌లో సొసైటీ మఠంలోనే. 2013లో నాజీ అధికారి ప్రీబ్కేకి అంత్యక్రియల పూజ చేయడానికి ముందుకొచ్చిందీ వాళ్ళే. మా తాతని సమాధుల దొడ్డిలో కులం చూసి ఓ మూలన పూడ్చారు, అప్పుడు కూడా ‘ఎవరో ఒకరిద్దరు చేసింది’ అన్నారు. అందుకే నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుద్ది.

పాతపూజ:
పాపికైనా పూజ చేస్తాం, అది దయ. అసలు విషయం చెప్పేస్తా. క్రీస్తు మరణం యూదులందరి మీదా మోపకూడదన్న రెండో వాటికన్ మహాసభ 1965 పత్రం నేను ఒప్పుకోను. నానమ్మ నేర్పిన గుడ్ ఫ్రైడే ప్రార్థనలో ‘విశ్వాసఘాతక యూదులు’ అనే ఉంది, నాకదే చాలు.

మ్యూనిక్_తెలుగు:
ఇదన్నమాట. పొద్దున్నించీ వెలి, చట్టం అంటూ తిప్పారు.

ఉపదేశి_మనవడు:
ఆ పదం తీయించింది ఇరవైమూడో జాన్ పోపు, 1959లో, మహాసభ మొదలవ్వకముందే. మీరు చేతిలో పట్టుకునే 1962 పూజ పుస్తకంలో కూడా ఉండదు, తీసి చూడండి. ఇంకోటి, టూవియే మఠంలో దొరికాడన్నా, దానికి మీరింకా ఏం చెప్పలేదు.