క్యారేజీలో ఏం పెట్టాలో స్కూలు చెప్పొచ్చా?

పటమట అమ్మ:
మా పాప ఐదో తరగతి. ఈ ఏడాది నుంచి స్కూలు వాళ్లు లంచ్ బాక్సుకి వారం మెనూ పెట్టారు. సోమవారం వెజిటబుల్ రైస్, మంగళవారం చపాతీ, పాలకూర పప్పు, బుధవారం మొలకలు, సాంబారన్నం, గురువారం కొర్ర ఉప్మా, శుక్రవారం పెరుగన్నం, ఏదో ఒక పండు. శనివారం మన ఇష్టం. నూడుల్స్, చిప్స్, బిస్కెట్లు, కేకులు పంపకూడదు. ఇంతవరకు నాకు పేచీ లేదు. కానీ గుడ్డు కూడా పంపకూడదట. వాసన వస్తోందని కొందరు పేరెంట్స్ కంప్లయింట్ చేశారట.

మెనూ ప్రకారం పెట్టిన రోజు బాక్సు సగం అలాగే తిరిగొస్తోంది. గురువారమైతే మూత కూడా తీయదు. దానికి ఇష్టమైన గుడ్డు పొరటు, అన్నం పెడితే గిన్నె ఖాళీగా వస్తుంది, కానీ డైరీలో ఎర్ర సిరాతో ఒక నోటు కూడా వస్తుంది. వండేది మనం, తినేది మన పిల్లలు. మరి బాక్సులో ఏముండాలో స్కూలు ఎంతవరకు చెప్పొచ్చు? శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, అక్కడ మాట్లాడాలనుకుంటున్నాను. అందుకే అడుగుతున్నా.

బ్రాడీపేట నాన్న:
చెప్పాలండీ, తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో మా వాడి పాత స్కూల్లో చూశాను. బెంచీలో నలుగురు నూడుల్స్ తెస్తే ఐదోవాడు పప్పన్నం మూత తీయడానికి మొహమాటపడతాడు. మా వాడికి గోంగూర పెడితే "ఏంట్రా ఆ నల్లది" అన్నారట. ఆ రోజు నుంచి వద్దంటాడు. ఇంట్లో మాత్రం రెండోసారి వేయించుకుని తింటాడు. గుంటూరు పిల్లాడు గోంగూర తెచ్చుకోవడానికి సిగ్గుపడే పరిస్థితి వచ్చిందంటే అది తల్లిదండ్రులు ఒక్కళ్లే సరిచేయగలిగేది కాదు. అందరికీ ఒకటే రూల్ ఉంటే ఈ వెక్కిరింపులు ఉండవు. గుడ్డు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

కృష్ణలంక:
పటమట అమ్మగారూ, ఆ స్కూల్లో క్యాంటీన్ ఉందా? ఉంటే అందులో ఏం అమ్ముతారు?

పటమట అమ్మ:
ఉందండీ. పఫ్‌లు, క్రీమ్ బన్నులు, డబ్బా జ్యూసులు. ఎగ్ పఫ్ కూడా ఉంటుంది.

కృష్ణలంక:
ఇంకేం! ఇంట్లో ఉడకబెట్టిన గుడ్డుకి వాసన, మైదాలో చుట్టి వాళ్లు అమ్మితే ఏ వాసనా లేదు. మీటింగులో ముందు ఇదే అడగండి. స్కూలు పిల్లల ఆహారం మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి స్కూలు ఆవరణలోనే కాదు, గేటు నుంచి 50 మీటర్ల లోపు కూడా అమ్మకూడదు. ఆ రూలు స్కూలుకీ, గేటు ముందు కొట్టుకీ. మన వంటింటికి కాదు. తమ మీదున్న రూలు పక్కన పెట్టి మనకి కొత్త రూలు రాస్తే ఎలా ఒప్పుకుంటాం?

టీచరమ్మ, గుంటూరు:
నేను ప్రభుత్వ బడిలో పని చేస్తాను. గుడ్డు గొడవ చదివి నవ్వొచ్చింది. మా దగ్గర మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు రోజులు గుడ్డు. 2023 మార్చి నుంచి రాగిజావ కూడా మొదలైంది. గుడ్డు తినని పిల్లలూ ఉన్నారు. పక్కనే కూర్చుని వాళ్ల భోజనం వాళ్లు చేస్తారు. వాసన గురించి ఒక్కళ్లూ వచ్చి చెప్పలేదు. అసలు ఈ వాసన పిల్లలకి వస్తోందా, పెద్దలకి వస్తోందా?

ఇంకో సంగతి చెప్పాలి. ఈ పథకానికి 2020లో గోరుముద్ద అని పేరు పెట్టారు, 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, మెనూ కూడా మారుతూ వచ్చింది. మా బడిలో నాకు కళ్లకు కనిపించిన తేడా మాత్రం 2025 జూన్‌లో సన్నబియ్యం వచ్చాకే. పప్పు అదే, కూర అదే, వండేవాళ్లూ వాళ్లే. ముద్దకట్టే అన్నం పోయి మెతుకు విడివిడిగా ఉండే అన్నం వచ్చేసరికి పారబోసేది తగ్గింది. కాగితం మీద రాసిన మెనూలో ఇలాంటివి కనిపించవు. పిల్లలు పేరు చూసి తినరు, నోట్లో పెట్టుకుంటే ఎలా ఉందో చూసుకుని తింటారు.

సత్యనారాయణపురం బామ్మ:
అమ్మాయ్, స్కూలు సంగతి తర్వాత. శుక్రవారం పెరుగన్నం ఎలా కలుపుతున్నావు? పొద్దున్నే పెరుగు పోసి కలిపావంటే మన విజయవాడ ఉక్కకి పన్నెండున్నరకల్లా పులిసిపోతుంది. మూత తీయగానే ఆ వాసన తగిలితే ఏ పిల్ల తింటుంది? అన్నం వేడి మీదే మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు దండిగా పోసి, ఒక చెంచా పెరుగు వేసి కలుపు. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. దానిమ్మ గింజలు అందులో కలపకు, వేరే డబ్బీలో పెట్టు.

కొర్ర ఉప్మా మూత తీయదంటే పిల్లది తప్పు కాదు. చల్లారిన ఉప్మా గొంతు దిగదు, పెద్దవాళ్లకే దిగదు. కొర్రలే పెట్టాలంటే పొడిపొడిగా వండి నిమ్మకాయ పులిహోర కలుపు. పులుపూ నూనే ఉన్నాయి కాబట్టి చల్లారినా రుచి పోదు. పల్లీలు కాస్త ఎక్కువ వెయ్యి.

పటమట అమ్మ:
బామ్మగారూ, పెరుగన్నం సంగతి రేపే చూస్తాను. కొర్రలతో పులిహోర కలిపితే "మెనూలో ఉప్మా ఉంది కదా" అని నోటు రాకపోతే అదృష్టం.

బెంజ్ సర్కిల్ లెక్చరర్:
అందరూ స్కూలు మీద పడ్డారు కాబట్టి నేను అవతలి పక్షం మాట్లాడతాను. నేను కాలేజీలో న్యూట్రిషన్ చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉంది. డబ్బున్న ఇళ్లు ఏమీ మినహాయింపు కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంది. మన బాక్సులు చూడండి. ముప్పాతిక తెల్లన్నం, ఒక మూల నాలుగు బంగాళాదుంప వేపుడు ముక్కలు. "మా పిల్ల తినేదే పెడతాం" అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చాం.

పాలకూర పప్పు మెనూలో ఉండటం మంచిదే. దాంట్లో నిమ్మరసం పిండండి, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఒక కొత్త రుచి అలవాటు కావాలంటే పిల్లలకి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాకా రుచి చూపించాల్సి రావచ్చు. మనం రెండోసారికే "దీనికి నచ్చదు" అని తీర్మానం చేసేస్తాం. మెనూ ఉంటే ఆ పట్టు సడలదు.

గుడ్డు విషయంలో స్కూలుది పొరపాటే. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. బామ్మగారు చెప్పినట్టు పులిహోరలో గుప్పెడు పల్లీలు వేస్తే దాదాపు అంత వస్తుంది కానీ, గుడ్డులో ఉండే బి12 పల్లీల్లో లేదు. దానికి పాలు, పెరుగు చూసుకోవాలి.

భవానీపురం:
మేడమ్, ఆ పదిహేను సార్లూ ఇంట్లో రాత్రి భోజనంలో రుచి చూపించండి, ఎవరూ కాదనరు. బాక్సులో ఎందుకు? ఇంట్లో నచ్చకపోతే పెరుగు పోస్తాం, ఇంకోటి పెడతాం. అక్కడ పొద్దున ఏడింటికి తిన్న రెండు ఇడ్లీల మీద ఉన్న పిల్ల, నచ్చకపోతే సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో లెక్కలు చేయాలి. కొత్త రుచులు నేర్పే చోటు అది కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ ఎత్తలేదు. లంచ్ ఎంతసేపు? మా పిల్లల స్కూల్లో కాగితం మీద 40 నిమిషాలు. అందులో వరుసలో నిలబడి కిందికి దిగడం, కుళాయిల దగ్గర తోపులాట, బెల్ కొట్టకముందే డబ్బా కడుక్కోవడం. తినడానికి మిగిలేది పావుగంట. ఆ పావుగంటలో చల్లారిన చపాతీ ముక్కలు చేసుకుని, పప్పులో ముంచుకుని, కారకుండా తినడం ఐదో తరగతి పిల్లకి అయ్యే పని కాదు. మా ఇంట్లో బాక్సు పెట్టేది నేనే. చపాతీలో చిదిమిన శనగలు పెట్టి, గట్టిగా చుట్టి, ముక్కలుగా కోస్తాను. పప్పన్నమైతే నెయ్యి వేసి కలిపేసి, చెంచా పెడతాను. కూరలు అవే, రెండు బాక్సులూ ఖాళీ.

సత్యనారాయణపురం బామ్మ:
ఐదో తరగతికి చెంచా ఏమిటి నాయనా? చేత్తో కలుపుకుని తినడం ఎప్పుడొస్తుంది?

భవానీపురం:
ఇంట్లో వస్తుంది బామ్మగారూ. అక్కడ ఐదు వందల మందికి నాలుగు కుళాయిలు. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా కలుపుకునే కంటే చెంచా నయం కదా.

ఇంటర్ సెకండియర్:
పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఖాళీ బాక్సు చూసి మోసపోకండి. మా బెంచీలో బాక్సులు చేతులు మారేవి. మా అమ్మ పెట్టిన బీరకాయ మూడేళ్లు నా ఫ్రెండ్ తిన్నాడు. వాళ్ల అమ్మ పెట్టిన దొండకాయ వేపుడు నేను తిన్నాను. ఇద్దరి ఇళ్లలోనూ "మా వాడు అన్నీ తింటాడు" అని చెప్పుకునేవాళ్లు.

కృష్ణలంక:
తమ్ముడు అసలు గుట్టు బయటపెట్టాడు.

నిజానికి ఈ విషయంలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఎల్లిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల బాధ్యత. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. స్కూల్లో మధ్యాహ్నం పూట ఈ బాధ్యతలు ఎలా పంచుకోవాలి? 'ఏం' అన్నది ఇంటి చేతిలో ఉంది. 'ఎప్పుడు, ఎక్కడ' అన్నవి పూర్తిగా స్కూలు చేతిలో ఉన్నాయి. ఎక్కడ అంటే, ఫ్యాను ఉన్న గదిలోనా, ఎండ పడే వరండాలోనా? ఎప్పుడు అంటే, నిజంగా తినడానికి ఎన్ని నిమిషాలు? వాళ్ల వంతు పని వదిలేసి మన వంతు పనికి మెనూ రాస్తున్నారు. నా అభ్యంతరం అదీ.

బ్రాడీపేట నాన్న:
వినడానికి బావుంది. కానీ తినాలా వద్దా అన్నది వాడి ఇష్టానికి వదిలేస్తే మా వాడు మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, నాలుగున్నరకి బస్సు దిగి మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడతాడు. అమెరికాలో సందు సందుకీ బజ్జీల బండి ఉండదు కదండీ.

పిల్లల తల్లి, గవర్నర్‌పేట:
ఇంతమంది రాశారు, పొద్దున ఎవరు లేచి వండాలో భవానీపురం ఆయన తప్ప ఎవరూ అనలేదు. నాది బ్యాంకు ఉద్యోగం, మా ఆయన డ్యూటీ వేరే ఊళ్లో. మెనూ వచ్చాక నాకు హాయిగా ఉంది, నిజం చెబుతున్నా. రాత్రి పడుకునే ముందు రేపు ఏం వండాలన్న టెన్షన్ లేదు. మా పిల్లలతో "అది వద్దు, ఇది వద్దు" అన్న పేచీ లేదు, "స్కూలు చెప్పింది" అంటే ఒప్పుకుంటారు. నేను చెబితే ఒప్పుకోరు. ఆదివారం రైతు బజార్‌లో లెక్క ప్రకారం కొంటాను, ఏదీ కుళ్లిపోవట్లేదు. కుదరని రోజు రాత్రి కర్రీ పాయింట్‌లో కూర తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వేడి చేసి పంపుతాను. దానికీ నోట్లు రాస్తారేమో అని భయం, అంతే.

బెంజ్ సర్కిల్ లెక్చరర్:
కర్రీ పాయింట్ కూర పొద్దున బాగా మరిగించి పంపండి, కొబ్బరి మసాలా వేసినవి తీసుకోకండి, అవి త్వరగా పాడవుతాయి. రాత్రి మిగిలిన అన్నం బయట ఉంచేసి, పొద్దున తాలింపు పెట్టి పంపడం మాత్రం ఎవరూ చేయొద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు అందుకే అవుతాయి. వేడి నిలిచే డబ్బా వాడితే ముందు అందులో మరుగు నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి, పారబోశాక అన్నం పెట్టండి. కుదరకపోతే బామ్మగారి పెరుగన్నం, పులిహోర లాంటి పుల్లటివి కొంత నయం.

భవానీపురం ఆయన మాటకి జవాబు. బాక్సులో పూర్తిగా కొత్తవి వద్దు అంటే ఒప్పుకుంటాను. నచ్చేదాని పక్కన ఒక చెంచాడు కొత్తది పెట్టొచ్చు కదా? మిగిలితే మిగలనివ్వండి.

భవానీపురం:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. మెనూలో ఆ వెసులుబాటు లేకపోవడమే నా బాధ. అన్నట్టు పండు అంటే మా స్కూలు లిస్టులో కివీ రాశారు. పటమట రైతు బజార్‌లో జామకాయలు దొరుకుతుంటే కివీ ఎందుకు?

పటమట అమ్మ:
అందరికీ థ్యాంక్స్. మీటింగులో క్యాంటీన్ ఎగ్ పఫ్‌తో మొదలుపెడతాను, తర్వాత కుళాయిల సంగతి, లంచ్ టైమ్. బాక్సులో ఏముండకూడదో రాయమంటాను, ఏముండాలో మాకు వదిలేయమంటాను. మెనూ కావాలంటే సలహాగా ఉంచుకోమంటాను.

బ్రాడీపేట నాన్న:
సలహా అంటే పదిమందిలో ఇద్దరు పాటిస్తారండీ. ఏముండకూడదో అన్నది మాత్రం గట్టిగా పట్టుకోండి. అది జారిందంటే నెల తిరక్కుండా మళ్లీ నూడుల్స్ వచ్చేస్తాయి.

పిల్లల తల్లి, గవర్నర్‌పేట:
అక్కా, మెనూ మొత్తం తీసేయించకండి, మీకు దణ్ణం పెడతాను. కావాలంటే గురువారం ఒక్కటి మార్పించండి.