సుమో వార్తలో “చిత్తు చేశాడు” అనవచ్చా? బరి, గిరి, దట్టీ, పైచేయి

నాగావళి:
1969 మార్చిలో ఒసాకాలో జరిగిన సుమో పోటీల రెండో రోజు మీద తెలుగులో ఒక వ్యాసం తయారవుతోంది. అప్పటికి వరసగా 45 పట్లు గెలిచిన యోకోజునా (సుమోలో అన్నిటికన్నా పై హోదా) తైహో ఆ రోజు తొద అనే మల్లుడి చేతిలో ఓడిపోయాడు. చిత్తుప్రతిలో వాక్యాలు ఇలా ఉన్నాయి: “ఆనాటి పోరులో తొద, యోకోజునా తైహోను గోదాలో చిత్తు చేశాడు. 45 విజయాల తర్వాత తైహో మట్టి కరిచాడు.” సుమోకు ‘చిత్తు’ నప్పదని ఒక మిత్రుడి అభ్యంతరం. కుస్తీకి నప్పే మాట దీనికెందుకు నప్పదు? బదులుగా ఏం రాయాలి?

పెన్న:
మీ మిత్రుడి మాట సరైనదేనండీ. చిత్తు అంటే వెల్లకిలా పడటం. కుస్తీలో వీపు, రెండు భుజాలు నేలకు ఆనితేనే ఓటమి కాబట్టి అక్కడ ఆ మాటకు పూర్తి అర్థం ఉంది. మోకాలు ఆనినా, బోర్లా పడినా కుస్తీ ఆగదు. సుమోలో అరికాలు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమే. వేలికొస చాలు, సిగలోని వెంట్రుకలు తగిలినా చాలు. పైగా అసలు పడకుండా, నిటారుగా నిలబడే ఓడిపోవచ్చు. కాలు వలయం దాటి బయటి ఇసుకను తాకితే పట్టు ముగిసినట్టే. సుమో సంఘం గుర్తించిన గెలుపు ఎత్తులు 82. వాటిలో రోజూ ఎక్కువగా కనబడేవి రెండు, యొరికిరి, ఒషిదషి. రెండింటిలోనూ ఎవరూ పడనక్కరలేదు.

మీరు ఎంచుకున్న రోజుకైతే ఈ మాట మరీ ప్రమాదం. తొద తైహోను అంచుదాకా నెట్టుకుపోయాడు. మల్లుల పక్కనే నిలిచి పట్టు నడిపే గ్యోజి తన విసనకర్రను తైహో వైపు చూపించాడు. చుట్టూ కూర్చున్న తీర్పరులు అభ్యంతరం చెప్పి, మాట్లాడుకుని, ఆ తీర్పును తిరగేసి తొదకు గెలుపిచ్చారు. తర్వాత పత్రికల ఫొటోల్లో చూస్తే తొద కాలే ముందు బయట పడింది! ఆ గొడవ తర్వాతే, 1969 మే పోటీల నుంచి తీర్పరులకు వీడియో సాయం వచ్చింది. అంటే ఆ రోజు కథంతా ఎవరి కాలు ముందు దాటిందన్న ఒక్క ప్రశ్న మీదే నడిచింది. “చిత్తు చేశాడు” అని చదివినవాడికి ఈ వివాదం అర్థమే కాదు. వీపు నేలకు ఆనినవాడి విషయంలో తీర్పు తిరగేయడం ఏమిటని అడుగుతాడు.

“మట్టి కరిపించాడు” మాత్రం పూర్తిగా పారేయనక్కరలేదు. హతకికొమి అనే ఎత్తు ఉంది. ఎదుటివాడు తల దించి దూసుకొస్తుంటే పక్కకు తప్పుకుని, మెడ మీదో వీపు మీదో చరిచి బోర్లా పడేయడం. అక్కడ ఆ జాతీయం అక్షరాలా సరిపోతుంది. తైహోకు ఆ రోజు జరిగింది అది కాదు.

మూసీ:
‘గోదా’ కూడా తీసెయ్యండి. గోదా అంటే తవ్వి గుల్లచేసిన మట్టి. నూనె, పసుపు, మజ్జిగ కలిపి, పడ్డవాడికి దెబ్బ తగలకుండా మెత్తగా ఉంచుతారు. సుమో దిబ్బ దానికి సరిగ్గా ఎదురు. బంకమట్టిని దిమ్మిసకొట్టి రాయిలా గట్టిచేస్తారు, పైన పలచగా ఇసుక చల్లుతారు. ఒక్కో వైపు 6.7 మీటర్లుండే చదరపు దిబ్బ, దాని మధ్య 4.55 మీటర్ల అడ్డుకొలత గల వలయం. దిబ్బ ఎత్తు అర మీటరు పైచిలుకు. దాని మీంచి కిందికి దొర్లినప్పుడు మోకాళ్ళు దెబ్బతినేది ఆ ఎత్తు వల్లే. ‘గోదాలోకి దిగాడు’ అనడానికి కూడా లేదు, ఇక్కడ ఎక్కాలి. “దిబ్బ ఎక్కాడు” అన్నా సరే, దాని జపనీసు పేరుతో “దొహ్యో ఎక్కాడు” అన్నా సరే.

మన దగ్గర దీనికి ఇంకా దగ్గరి మాట ‘బరి’. ఆటలో గీసిన హద్దుకు బరి అంటాం, ఆ హద్దు లోపలి చోటునూ బరే అంటాం. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేలకు కట్టేది బరి. బరి విడిచి పారిపోయిన పుంజు ఓడినట్టే లెక్క. ఎన్నికల బరి వరకూ పాకిపోయిన మాట ఇది, చదువరికి కొత్తగా ఉండదు. హద్దే ఓటమిని నిర్ణయించే ఆటకు హద్దునే చెప్పే మాట తెలుగులో ఉండగా కుస్తీ దగ్గర అప్పు తెచ్చుకోవడం ఎందుకు? “తొద తైహోను బరి దాటించాడు” అనండి, జరిగింది జరిగినట్టు కనబడుతుంది.

గుండ్లకమ్మ:
బరి బాగుంది. అయితే గుండ్రటి హద్దుకు ‘గిరి’ ఇంకా నప్పుతుందేమో? “గిరి గీసుకుని కూర్చున్నాడు” అంటాం కదా.

మూసీ:
గిరి అర్థానికి సరిపోతుంది. చిక్కల్లా దాటడం దగ్గరే. “గిరి దాటించాడు” అంటే చాలామందికి ముందు కొండ గుర్తొస్తుంది. వర్ణనలో ఒకసారి వాడి, ఫలితం చెప్పేచోట బరి అనడం మేలు. ‘బరితెగించు’ మాత్రం ఇక్కడ తేకండి. హద్దు మీరడమనే అర్థం ఉన్నా, ఈ రోజున అది తిట్టు. ఓడిన మల్లుడికి అది తగిలిస్తే పరువు తీసినట్టవుతుంది.

పెన్న:
హద్దు గురించి ఇంకో మాట. అది గీత కాదు. వరిగడ్డితో అల్లి మట్టి కూరిన మూటల్ని సగానికి పైగా నేలలో పాతి వలయంగా పేరుస్తారు. 20 మూటల్లో నాలుగింటిని నాలుగు దిక్కులా కాస్త బయటికి జరిపి పెడతారు. ఆరుబయట ఆడిన కాలంలో వాననీళ్ళు పోవడానికి వదిలిన సందులవి. ఈ రోజుకీ అక్కడ కాలు తన్నిపెట్టినవాడికి మూట మందం మేర అదనపు చోటు దొరుకుతుంది. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కితే ఔటు. ఇక్కడ మూట మీద కాలు వేసి నిలబడవచ్చు, మడమ గాల్లో బయటికి వేలాడినా ఫరవాలేదు, బయటి ఇసుకను తాకకూడదు, అంతే. కాబట్టి “హద్దు తొక్కి ఓడాడు” అని రాస్తే తప్పు. “హద్దు దాటి” అనాలి.

వలయం చుట్టూ బయట పాతిక సెంటీమీటర్ల వెడల్పున సన్నని ఇసుక పరుస్తారు. పేరు జనొమె, పాము కన్ను అని. పట్టుకీ పట్టుకీ మధ్య, దిబ్బను చూసుకునే యొబిదషి వచ్చి చీపురుతో దాన్ని నున్నగా ఊడుస్తాడు. మడమ తగిలిన గుర్తు దాని మీద పడాలని. ఊడవని ఇసుకలో గుర్తు కనబడితే అది ఈ పట్టుదో ముందు పట్టుదో తేల్చలేం.

నాగావళి:
చాలా ఉపయోగమండీ. యొరికిరి, ఒషిదషి రెండూ “బరి దాటించాడు” అయితే తేడా ఎలా చూపాలి? రోజు ఫలితాల పట్టికలో రెండూ పక్కపక్కనే వస్తున్నాయి.

పెన్న:
క్రియలో చూపాలి. యొరికిరిలో నడుముకున్న బట్టను పట్టుకుని, రొమ్ముకు రొమ్ము ఆనించి అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడిపిస్తాడు. “పట్టి నడిపి బరి దాటించాడు” అనండి. ఒషిదషిలో ఆ పట్టు ఉండదు. అరచేతులు చంకల కిందో రొమ్ము మీదో ఆనించి వదలకుండా తోస్తాడు. అది “నెట్టి”. మూడోది త్సుకిదషి. చేతులు ఆనించి ఉంచడు, అరచేత్తో వెంటవెంటనే పోట్లు పొడుస్తాడు. దానికి “గెంటి”. నెట్టడంలో చెయ్యి అంటుకునే ఉంటుంది, గెంటడంలో తగిలి విడిపోతుంది. తెలుగులో ఈ తేడా పుట్టుకతోనే ఉంది, మనం కొత్తగా కల్పించనక్కరలేదు. వెనక చేరి తోస్తే ఒకురిదషి, అది “వెనక నుంచి నెట్టి”.

నడుము బట్టకు ‘గోచి’ అనకండి. మల్లుడికి అగౌరవం, వస్తువుకూ తప్పు. పై రెండు తరగతుల వాళ్ళు కట్టేది 9 మీటర్ల దాకా పొడవుండే పట్టుబట్ట. మడిచి నడుముకు చుట్లు చుట్లుగా బిగిస్తారు. ఆ బట్ట జారకుండా నిలిస్తేనే ఎదుటివాడికి పట్టుకునేందుకు ఏదైనా ఉంటుంది. మన పాత మాట ‘దట్టీ’ దీనికి అతికినట్టుంది. నడుముకు బిగించి చుట్టే బట్టే దట్టీ. ముందు వేలాడే దారాలకు సగరి అని పేరు, ఊడిపోయినా నేలకు తగిలినా లెక్కలోకి రావు.

గుండ్లకమ్మ:
పట్టు వివరించేటప్పుడు ‘ఉవతె’ని “పైచేయి” అనవచ్చా? ఎదుటివాడి చేతి పైనుంచి చెయ్యి పోనిచ్చి దట్టీ పట్టుకోవడమే కదా అది. జపనీసులో కూడా ఉవతె అంటే నేర్పులో మించినవాడనే అర్థం ఉంది. మన పైచేయికీ అదే అర్థం.

పెన్న:
పోలిక ముచ్చటగానే ఉంది, వార్తలో మాత్రం మోసం చేస్తుంది. “తైహోకు పైచేయి దొరికింది” అని రాస్తే తైహో గెలుస్తున్నాడనుకుంటారు. నిజానికి ఎదుటివాడి రెండు చేతుల లోపలి నుంచీ చేతులు దూర్చి దట్టీ పట్టుకోవడమే అన్నిటికన్నా బలమైన పట్టు. దాని పేరు మొరొజషి. లోచేతులవాడు ఎదుటివాణ్ణి ఎత్తి నిలబెట్టగలడు, నిలువుగా లేచిన మల్లుడి కాళ్ళలో బలం పోతుంది. అందుకని “పైనుంచి పట్టు”, “లోపలి నుంచి పట్టు” అంటే చాలు. చెయ్యి మాట తేకపోతే జాతీయం అడ్డురాదు.

నాగావళి:
గ్యోజి అరిచే “నొకొత్త, నొకొత్త!” సంగతేమిటి? “మొదలుపెట్టండి” అని రాసిన అనువాదాలు కనిపించాయి.

మూసీ:
మొదలుపెట్టడానికి సంబంధమే లేదు. ఇద్దరూ రెండు చేతులూ నేలకు ఆనించి, ఒకే ఊపిరిలో లేచి ఢీకొంటారు. ఆ క్షణాన్ని మల్లులే తేల్చుకుంటారు, గ్యోజి ఈల వేయడు. సమయం ముగిసిందని మాత్రం చెబుతాడు. సిద్ధపడటానికి ఇచ్చే గడువు అన్నిటికన్నా పై తరగతి మకుఉచిలో 4 నిమిషాలు, దాని కింది తరగతి జూర్యోలో 3, ఆ కిందివాళ్ళకు 2. నొకొత్త అంటే మిగిలి ఉన్నావు, అంటే ఇంకా లోపలే ఉన్నావు అని. అంచున ఊగుతున్నవాడు ఓడిపోయాననుకుని పట్టు వదిలేయకుండా చెప్పే మాట. “ఉన్నావు, ఉన్నావు!” అనండి, లేదా “ఇంకా బరిలోనే!” అనండి. ఇద్దరూ బిగుసుకుని కదలకుండా నిలిచిపోతే “హక్కెయొయి!” అని హుషారు చేస్తాడు. అది వేరే మాట, రెండింటినీ కలిపి ఒకే అనువాదం ఇవ్వకూడదు.

గుండ్లకమ్మ:
రాత విషయం కూడా చూసుకోండి. తెలుగులో హ్రస్వ ఎ, ఒ లు విడిగా ఉన్నాయి, జపనీసుకూ అవే కావాలి. హిందీకి లేని సౌకర్యం ఇది. ఇంగ్లీషు అక్షరాలు చూసి రాయడం వల్ల మన పత్రికల్లో అన్నీ దీర్ఘాలైపోయాయి. యోకోజునా కాదు, యొకొజున. దాని తర్వాతి హోదా ఓజెకిలో మొదటిది దీర్ఘమే. సుమోలో, దొహ్యోలో, తైహోలో చివరిది దీర్ఘం. ట, డ లు కూడా వద్దు, జపనీసు త, ద లు మన దంత్యాలకే దగ్గర. తొద అని మీరు రాసింది బాగుంది.

ఫలితాల పట్టికకు ఇంకో మంచి మాట దొరుకుతుంది. గెలుపును తెల్లటి సున్నతో, ఓటమిని నల్లటి సున్నతో చూపి వాటిని నక్షత్రాలంటారు. చుక్క అంటే మనకు నక్షత్రమూ అవుతుంది, గుండ్రటి గుర్తూ అవుతుంది. తెల్లచుక్క, నల్లచుక్క అనేయండి. 15 రోజుల్లో 8 తెల్లచుక్కలు వస్తే హోదా నిలుస్తుంది లేదా పెరుగుతుంది. మయెగషిర స్థాయివాడు (మకుఉచిలో అన్నిటికన్నా కింది హోదా) యొకొజునను ఓడిస్తే బంగారుచుక్క. తొదకు ఆ రోజు వచ్చింది అదే. ఎదుటివాడు పోటీకి రాకపోవడం వల్లనో, నియమం తప్పడం వల్లనో గెలిస్తే బంగారుచుక్క ఉండదు.

నాగావళి:
అందరికీ ధన్యవాదాలండీ. సవరించిన రూపం ఇది:

“రెండో రోజు తొద, యొకొజున తైహోను నెట్టుకుంటూ బరి అంచుకు తెచ్చాడు. ఇద్దరూ దాదాపు ఒకేసారి బయటపడ్డారు. న్యాయనిర్ణేత గ్యోజి తైహో గెలిచాడన్నాడు. తీర్పరులు చర్చించి తొదకు తెల్లచుక్క ఇచ్చారు. 45 పట్ల తర్వాత తైహోకు నల్లచుక్క పడింది. ఎవరి కాలు ముందు బరి దాటిందన్న గొడవ మాత్రం మర్నాటి ఫొటోలతో మళ్ళీ లేచింది.”

పెన్న:
చాలా బాగా వచ్చిందండీ. రెండు చిన్న మార్పులు. గ్యోజికి ముందున్న “న్యాయనిర్ణేత” తీసెయ్యండి, చివరి మాట అతనిది కాదు. పట్టు ముగిసిన క్షణంలోనే విసనకర్రతో ఎవరో ఒకరివైపు చూపించి తీరాలి, “తెలియదు” అనడానికి గానీ “సమానం” అనడానికి గానీ అతనికి వీల్లేదు. నిర్ణయం నల్ల కిమొనోల్లో దిబ్బ చుట్టూ కూర్చున్న ఐదుగురు తీర్పరులది. అందుకే “గెలిచాడన్నాడు” బదులు “విసనకర్ర తైహో వైపు చూపించాడు” అనండి. ఇక “తెల్లచుక్క ఇచ్చారు” దగ్గర “బంగారుచుక్క” వేయండి, ఆ పట్టుకు అదే లెక్క.