"పైవాళ్లు చెప్పారు, మేం చేశాం" అంటే సరిపోతుందా?

(సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య ఆన్‌లైన్‌లో సాగిన చర్చ ఇది. ప్రతి పోస్టు పైనా ఉన్నది రాసినవారి మారుపేరు.)

చిత్తుప్రతి:
కంపెనీ తప్పుడు పని చేయించినప్పుడు, కీబోర్డు మీద ఆ పని చేసిన ఉద్యోగికి అందులో ఎంత వాటా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాటా ఉంటుంది, జీతం చిన్నదైనా సరే.

ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల సంగతే చూడండి. కారును పరీక్షిస్తున్నారని సాఫ్ట్‌వేర్ పసిగట్టి, ఆ కాసేపు పొగ తగ్గించేది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా పోయేవి. 2015లో బయటపడేసరికి ప్రపంచం మొత్తం మీద అలాంటి కార్లు కోటీ పది లక్షలు. అది పొరపాటున దొర్లిన బగ్ కాదు. స్టీరింగు కదులుతోందా లేదా అన్నది కూడా చూసి పరీక్షను గుర్తుపట్టే కోడ్ అది. ఆ షరతు రాస్తున్నవాడికి అదెందుకో తెలియదంటే నేను నమ్మను. 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది, దర్యాప్తుకు సహకరించినా సరే. నాకది సబబుగానే అనిపించింది.

రాత్రిషిఫ్ట్:
మాస్టారూ, కథలో సగం వదిలేశారు. 2015 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ముందు ఆ కంపెనీ అమెరికా విభాగం అధిపతి ఏం చెప్పాడో గుర్తుందా? ఇది కంపెనీ నిర్ణయం కాదు, ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చేసిన పని అన్నాడు. అంటే ఇప్పుడు మీరంటున్న మాట కంపెనీ ఎప్పుడో అనేసింది. కింది ఉద్యోగికి రెండేళ్లలో శిక్ష పడింది. అప్పటి సీఈఓ వింటర్‌కార్న్ మీద జర్మనీలో విచారణ మొదలవడానికే 2024 సెప్టెంబరు దాకా పట్టింది, అదీ ఆయన ఆరోగ్యం బాగాలేదని ఆగింది. (ఆయన నేరం ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.)

ఇంటి లోను ఉన్నవాడికీ, వీసా ఉద్యోగానికే ముడిపడి ఉన్నవాడికీ మనస్సాక్షి గురించి క్లాసు పీకడం తేలిక. వాడు మానేస్తే సోమవారానికల్లా ఆ సీట్లో ఇంకొకడుంటాడు. కోడ్ ఆగదు, వాడి జీతం ఆగుతుంది.

టెస్టు బెంచీ:
ఇద్దరూ ఒకటి దాటేస్తున్నారండి. అసలు మనకు తెలుస్తుందా? నా దగ్గరికి వచ్చేది ఒక టికెట్, అంటే చేయాల్సిన పని రాసి పంపే చీటీ లాంటిది. "ఈ ఖాతాలో బ్యాలెన్సు సున్నా కంటే కిందికి పోనివ్వాలి" అని ఉంటుంది. అది మోసమని ఎలా పోల్చుకోవాలి? టెస్టింగ్ ఖాతా కావచ్చు, ఓవర్‌డ్రాఫ్ట్ కావచ్చు.

ఊరికే అంటున్న ఉదాహరణ కాదిది. ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిలో ఇదే జరిగింది. యజమానిదే అయిన అలమేడా అనే ట్రేడింగ్ సంస్థ ఖాతా మాత్రం మైనస్‌లోకి పోయేలా కోడ్‌లో వెసులుబాటు పెట్టారు, ఖాతాదారుల డబ్బు ఆ దారిన పోయింది. ఆ మార్పులో చేయి ఉన్న గ్యారీ వాంగ్ సహ వ్యవస్థాపకుడు, అతనికి విషయం తెలుసు. నేరం ఒప్పుకుని, యజమాని మీద సాక్ష్యం చెప్పి, 2024లో జైలు లేకుండా బయటపడ్డాడు. కానీ ఆ తర్వాత అదే కోడ్‌లో పని చేయడానికి వచ్చిన జూనియర్ ఎవరైనా ఆ ఒక్క లైను చూసి ఏమనుకోవాలి? ఎవరెంత ముట్టుకున్నారని కాదు, ఎవరికెంత తెలుసన్నది చూడాలి.

చిత్తుప్రతి:
తెలిసినంత మేరకే అంటే ఒప్పుకుంటాను. కాకపోతే తెలియకుండా ఉండడం కూడా చాలాసార్లు మనం చేసుకునే ఏర్పాటే. ఎందుకని అడిగితే నిజంగా జవాబు వస్తుందేమోనని అడగం.

"ఇంకొకడు చేస్తాడు" అన్నదానికి వస్తాను. ఫ్రాంక్ అని, విద్యార్థుల ఆర్థిక సాయం దరఖాస్తులకు తోడ్పడే స్టార్టప్ ఒకటి ఉండేది. 2021లో జేపీ మోర్గాన్ బ్యాంకు దాన్ని 17.5 కోట్ల డాలర్లకు కొంది. 42.5 లక్షల మంది వాడుతున్నారని బ్యాంకుకు చెప్పారు, నిజానికి ఉన్నది 3 లక్షల లోపే. బ్యాంకు జాబితా చూపించమనేసరికి వ్యవస్థాపకురాలు చార్లీ జావిస్ తమ ఇంజనీరింగ్ హెడ్‌ను లేని మనుషుల డేటా తయారుచేయమంది. ఆయన కుదరదన్నాడు. 2025లో జ్యూరీ ఆవిడను దోషిగా తేల్చింది, ఏడేళ్లకు పైగా శిక్ష పడింది. ఆ విచారణలో సాక్ష్యం చెప్పినవాళ్లలో ఈయన ఒకరు.

రాత్రిషిఫ్ట్:
మిగతాది కూడా చెప్పండి మరి. ఆయన కాదన్నాక ఏమైంది? బయట ఒక డేటా సైన్స్ ప్రొఫెసర్‌కు 18,000 డాలర్లు ఇచ్చి అదే డేటా చేయించుకున్నారు. బ్యాంకు కొనేసింది. నా మాటకు ఇంతకంటే రుజువు ఏం కావాలి?

చిత్తుప్రతి:
జాబితా ఆగలేదు, నిజమే. కానీ కాదన్న మనిషి కోర్టుకు సాక్షిగా వెళ్లాడు, ముద్దాయిగా కాదు. అది మీకు చిన్న తేడాగా కనిపిస్తే ఇక మనకు పొసగదు.

మధ్యవాడు:
నేను టీమ్ నడుపుతాను కాబట్టి ఇద్దరి తిట్లూ నాకే అనుకుని చదువుతున్నాను. మీటింగ్‌లో "ఎవరికైనా అభ్యంతరమా?" అంటే కెమెరాలన్నీ ఆఫ్, మైకులన్నీ మ్యూట్. గంట తర్వాత మేనేజర్లు లేని గ్రూపులో మాత్రం దండకం మొదలు. ఇది పైవాళ్ల తప్పూ అవునూ, కాదూ.

నేను పనిచేసిన ఒకచోట సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే బటన్‌ను ఎక్కడో లోపలి పేజీల్లో పెట్టమన్నారు. ఒక డెవలపర్ టికెట్ కింద మూడే ప్రశ్నలు రాసింది. దీనివల్ల వాడేవాళ్లకు లాభమేమిటి, లీగల్ వాళ్లు చూశారా, ఆమోదించింది ఎవరు. ఆవేశం లేదు, ఉపన్యాసం లేదు. మూడో ప్రశ్నకు తన పేరు రాయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు, దాంతో పని వెనక్కి పోయింది. పూర్తిగా ఆగిందని చెప్పను, తర్వాత కాస్త మెత్తబడిన రూపంలో వచ్చింది. ఆమె ఉద్యోగానికి మాత్రం ఏమీ కాలేదు.

రాత్రిషిఫ్ట్:
అమెజాన్‌లోనూ రాశారు సార్. ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకునే తంతుకు లోపలివాళ్లు పెట్టుకున్న పేరు ఇలియడ్. ప్రాచీన గ్రీకు మహాకావ్యం పేరది, అంత పొడవన్నమాట. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. అక్కరలేని సబ్‌స్క్రిప్షన్లు అంటగట్టడం ఎవరూ పైకి మాట్లాడని క్యాన్సర్ అని కంపెనీ లోపలి సందేశాల్లోనే ఉందని ఆ కమిషన్ బయటపెట్టింది. 2025లో 250 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నారు, తప్పు ఒప్పుకోకుండానే. రాసేవాళ్లు రాశారు, తంతు మాత్రం ఏళ్లపాటు సాగింది. మీరు బాధ్యత అంటున్నది ముందస్తు బెయిలు సార్, అంతకంటే ఏం కాదు.

టెస్టు బెంచీ:
ముందస్తు బెయిలే అనుకుందాం. ఆ సందేశాలు లేకపోతే కమిషన్ చేతిలో ఏం ఉండేది? "మాకు తెలియదు" అని తప్పించుకునే దారి మూసుకుపోయింది కదా.

అయినా నన్ను తొలిచేది వేరే. వంతెన డిజైన్ మీద లైసెన్సున్న ఇంజనీరు సంతకం, ముద్ర లేకుండా చాలా దేశాల్లో పని ముందుకు కదలదు. ఆ ఇంజనీరు సంతకం పెట్టనంటే కంపెనీ ఇంకొకరిని వెతుక్కోవచ్చు. కానీ ఆ ఇంకొకరి లైసెన్సుకూ అదే ముప్పు. అందుకని అక్కడ "నువ్వు కాకపోతే ఇంకొకడు" అన్న మాట అంత సులువుగా చెల్లదు. మన దగ్గర అలాంటిదేమీ లేదు. కమిట్‌లో, అంటే కోడ్‌లో చేసిన మార్పు నమోదయ్యే చోట, పేరుంటుంది గానీ అది సంతకం కాదు. దానికి జవాబుదారీతనమూ లేదు, కాదనే అధికారమూ లేదు. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎంకు నియమావళి ఉంది, 2018లో సవరించారు కూడా. అతిక్రమిస్తే మహా అయితే సభ్యత్వం పోతుంది. ఉద్యోగం చేసుకోవడానికి ఆ సభ్యత్వమే అక్కర్లేదు. రాత్రిషిఫ్ట్ గారు చెప్పేది లోకరీతి అనుకుంటున్నారు, నాకైతే అది మన వృత్తిలో పూడ్చని గుంట.

మధ్యవాడు:
లైసెన్సు పెడితే ఆ సంతకం జూనియర్ చేతే పెట్టిస్తారు. చూస్తూ ఉండండి.

చిత్తుప్రతి:
ఒంటరిగా ఉన్నప్పుడే ఈ భయాలన్నీ. 2018లో గూగుల్‌లో దాదాపు 4,000 మంది ప్రాజెక్ట్ మేవెన్ వద్దని లేఖ మీద సంతకాలు పెట్టారు. డ్రోన్ వీడియోల్లో మనుషుల్నీ వాహనాల్నీ గుర్తుపట్టే పెంటగాన్ పని అది. కొందరు రాజీనామా చేశారు. కంపెనీ ఆ కాంట్రాక్టును పొడిగించలేదు.

రాత్రిషిఫ్ట్:
తర్వాత? 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వ క్లౌడ్ కాంట్రాక్టును వ్యతిరేకిస్తూ ఆఫీసుల్లో బైఠాయించాక దాదాపు 50 మందిని అదే గూగుల్ తీసేసింది. ఆయుధాలకు ఏఐ ఇవ్వబోమన్న 2018 నాటి మాటను 2025 ఫిబ్రవరిలో తన సూత్రాల్లోంచే తొలగించింది. మార్కెట్‌లో ఉద్యోగాలు పుష్కలంగా ఉన్నప్పుడు వినిపించిన మనస్సాక్షి లేఆఫ్‌ల కాలంలో వినిపించదు. అది ఉద్యోగుల పిరికితనం అంటే నేను ఒప్పుకోను. బేరం చేసే బలం తగ్గింది, అంతే.

కొత్తచేరిక:
పెద్దవాళ్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు వచ్చిన పని ఇది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కీబోర్డు, మౌస్ కదలికలను బట్టి ఒక్కొక్కరికీ రోజువారీ స్కోరు లెక్కగట్టాలి. చట్టప్రకారం ఇబ్బంది లేదట. చేయాలని లేదు, మానేసే పరిస్థితీ లేదు. టెన్షన్‌తో ఇంకా మొదలే పెట్టలేదు.

టెస్టు బెంచీ:
మానేయమని ఎవరూ అనడం లేదమ్మా. ఆలోచిస్తూ కూర్చున్నవాళ్లకు, కాగితం మీద డిజైన్ గీసుకునేవాళ్లకు, ఫోన్‌లో కస్టమర్‌తో మాట్లాడేవాళ్లకు, చేతికి దెబ్బ తగిలి మాటతో టైప్ చేయించేవాళ్లకు ఆ స్కోరు ఎంత వస్తుంది? ఒక్కోదాన్నీ టెస్ట్ కేసుగా, అంటే ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందా అని చూసే పరీక్షగా, రాయి. తప్పు స్కోరు పడితే ఉద్యోగికి కనిపిస్తుందా, సవరించమని అడిగే దారి ఉందా, అదీ కేసే. నైతికత అని రాస్తే పక్కన పెట్టేస్తారు. ఫెయిలైన టెస్టును మాత్రం ఎవరో ఒకరు తమ పేరుతో క్లోజ్ చేయాలి.

రాత్రిషిఫ్ట్:
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి గుర్తుంచుకో తమ్ముడూ. స్క్రీన్‌షాట్లు తీసి సొంత మెయిల్‌కు పంపుకోకు. అందులో కంపెనీ డేటా ఏ కాస్త ఉన్నా గొడవంతా దాని మీదికి మళ్లుతుంది, నువ్వడిగిన ప్రశ్న ఎవరికీ గుర్తుండదు. టికెట్‌లోనే రాయి, తేదీ దానంతటదే పడుతుంది.

కొత్తచేరిక:
సరే అన్నా. ఈ స్కోరు మేనేజర్లకు కూడా లెక్కగడతారా అని అడగొచ్చా?

మధ్యవాడు:
అదే మొదట అడుగు. టికెట్ అక్కడే ఆగిపోయినా ఆశ్చర్యం లేదు.